మూడో పట్టెడ

నా జన్మలో నేను సొంతంగా చేసిన నగ ఒక్కటే. దాన్ని మా ఆవిడ మెడలో వేసుకుంది ఒక్క పూటే. ఆ ఒక్క పూటలో నాకు జరిగిన మర్యాద ఆళ్లగడ్డలో ఆ వీధివాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. వాళ్లు చెబితే చిలవలూ పలవలూ చేరతాయి కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. నవ్వండి, కానీ కడదాకా విని నవ్వండి.

పందొమ్మిది వందల యాభై ఏడో, యాభై ఎనిమిదో. నంద్యాలలో ఒక జవుళి అంగడిలో చీరలు విప్పి చూపించడం నా ఉద్యోగం. రంగుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. పెళ్లయి మూడు నెలలైంది. మా ఆవిడ నారాయణమ్మ ఎండలకని ఆళ్లగడ్డలో పుట్టింటికి పోయింది. ఏరువాక పున్నమికి కొత్త అల్లుడు తప్పకుండా రావాలని మామ ఓబులయ్య కబురు పెట్టాడు. వట్టి చేతులతో ఎలా పోవడం?

అంగడికి పోయే దారిలో మస్తాన్ తాత అని ఒకాయన అరుగు మీద కూర్చుని పూసలు గుచ్చేవాడు. సూది లేదు. దారం కొసకు మైనం రాసి నులిమితే అదే సూది. ఒకే పూసలోకి అటునుంచి ఒక దారం, ఇటునుంచి ఒక దారం దూరేవి. మూడు వరసలు గుడ్డ నేసినట్టు చదునుగా వచ్చేవి. రెండో వరస జారిపోకుండా ఏది పట్టుకుంది? ఆ దారం మళ్లీ ఎక్కడ తేలుతుంది? నెల రోజులు ఇదే ఆలోచన. ఒకావిడ పచ్చ చీర అడిగితే దుప్పటి విప్పి చూపించాను.

ఆయన చేసేవి ఎద్దుల అలంకారాలు. మెడకు పట్టెడలు, నొసటికి కుచ్చులు. అయితేనేం, తాను ఏ మెడకు పోతున్నదో పూసకు తెలుసా అనుకున్నాను. ఇదిగో, సరిగ్గా ఇక్కడ ఎవరైనా నాకొక మొట్టికాయ వేసి ఉంటే ఈ కథే లేదు.

"ఏందప్పా, దినామూ వచ్చి నిలబడుకుంటాండావ్?" అన్నాడు తాత ఒకరోజు.

"నాకూ నేర్పిస్తావా తాతా? నేనే ఒగటి గుచ్చుకుంటా."

"ఎవురికి?"

పెళ్లానికని చెప్పడానికి సిగ్గు అడ్డమొచ్చింది. "ఆళ్లగడ్డలో ఓబులయ్య ఇంటికి" అన్నాను. అబద్ధమైతే కాదు కదా!

"ఓబులయ్య ఇంటికా! మెడ ఎంతుంటాది?"

చేతులతో చూపించాను. తాత మొహం చిట్లించాడు.

"ఇంతేనా? బక్కది మాదిరుందే. మేత సరింగ తింటాందా?"

"తింటాది తాతా. ఒళ్లే అంత."

"ఇంగా చిన్నదేమోలే. ముందుముందు లావైతాది. రెండు వేళ్లు వదులు పెట్టి గుచ్చుదాం."

ఎనిమిది రోజులు పొద్దున్నే పోయి కూర్చున్నాను. మైనం దారం వేళ్లను కోసేసింది. నేను పచ్చ పూసలు, పసుపు పూసలు ఏరుకుంటే తాత నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"వరస మార్చగాకు. మూడెర్రవి, ఒగటి తెల్లది, రెండు నీలం. ఆ ఇంటికి ఇదే."

"ఇదే ఎందుకు తాతా?"

"ఎందుకేంది? ఆ ఇంటికి అదే!"

నేను ఆశ్చర్యపోయాను. మనిషిని చూడకుండానే ఏ ఇంటి ఆడవాళ్లకు ఏ రంగు నప్పుతుందో చెప్పగలుగుతున్నాడంటే ఎంత పనితనం! మధ్యలో మువ్వ ఒకటి కట్టించాడు. ఎందుకని అడిగితే, "మందలో కలిసిపోతే ఎట్ల కనుక్కుంటావ్?" అన్నాడు. తిరునాళ్లలో ఆడవాళ్ల గుంపు తలుచుకుని, అదీ నిజమే అనుకున్నాను. చివరికి ముడి నేర్పాడు. గుంజేకొద్దీ బిగిసే ముడి.

"మరి విప్పేదెట్ల?"

"విప్పేది యాటికప్పా? ఒగసారి కడితే కట్టినట్టే."

ఆలుమగలకు ఇంతకన్నా మంచి మాట ఏముంటుందని మురిసిపోయి, వెంటనే నారాయణమ్మకు కార్డు రాశాను: "ఆళ్లగడ్డలో ఏ ఆడదాని మెడలోనూ లేని వస్తువు తెస్తున్నాను. నా చేత్తో చేసింది." కార్డు కదా, పోస్టుమాను మొదలుకొని వీధి వీధంతా చదివింది. ఆమె కూడా చదవనివాళ్లను పిలిచి మరీ చెప్పుకుంది.

పున్నమి నాడు బస్సు దిగి ఇంటికి చేరేసరికి పంచలో పదిమంది ఆడవాళ్లు నా సంచినే చూస్తున్నారు. ఆ పదిమంది ముందు నారాయణమ్మ పరువంతా నా పొట్లంలో ఉంది. లోపలికి పోయి నేనే ముడి వేశాను. ఆమె మువ్వ మోగించుకుంటూ బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అబ్బ, ఎంత బాగుండాదే!" అన్నారు అందరూ.

పక్కింటి పెద్దవ్వ మాత్రం కళ్లు చికిలించుకుని దగ్గరగా వచ్చింది. "బాగుండాది గానీ, యాడో చూసినట్టుండాదే."

"యాడా చూసిండవు అవ్వా. ఆయనే చేసినారు" అంది నారాయణమ్మ గర్వంగా.

అప్పుడు మామ దొడ్లోంచి ఎద్దుల జతను తోలుకొచ్చాడు. కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలకు ఈ పండక్కని నంద్యాలలో చేయించిన కొత్త పట్టెడలు కట్టాడు. మూడెర్రవి, ఒకటి తెల్లది, రెండు నీలం. నడుమ మువ్వ. ఎద్దు తలాడించింది, ఘల్లుమంది. నారాయణమ్మ ఉలిక్కిపడి తిరిగింది, ఘల్లుమంది.

"ఇప్పుడు తెలిసెనే యాడ చూసినానో!" అంది పెద్దవ్వ.

మామ పగ్గం వదిలేసి వచ్చి, కూతురి మెడలోని పూసలను వేలితో లెక్కబెట్టాడు. కోపం లేదు, నవ్వు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఇది మనింటి వరసే. ఎద్దులు తిరునాళ్లలో కలిసిపోతే దూరం నుంచి గుర్తుపట్టేకి మా నాయన పెట్టించింది. నేను మస్తానయ్యకు జతకే చెప్పింటి. ఈ మూడోది యాడిదప్పా?"

"నేనే... గుచ్చినా మామా."

పంచ ఎగిరిపోయేటట్టు నవ్వారు. నారాయణమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరికీ అంత గొప్పగా చెప్పుకున్న మనిషి! ఆ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె దండ పట్టుకుని గుంజింది. ముడి బిగిసింది. ఇంకా గుంజింది, ఇంకా బిగిసింది.

"విప్పు" అంది నాతో, పళ్లు బిగబట్టి.

"విప్పేది నేర్పించలేదు."

ఈసారి నవ్వు ఎదురింటి నుంచి కూడా వినిపించింది. మామ కొడవలి తెచ్చాడు. నేను ఆ దారం కింద వేలు పెట్టి ఎత్తిపట్టాను, మెడకు తగలకుండా. నారాయణమ్మ నా వేళ్ల వైపు చూసింది. ఎనిమిది రోజుల కోతలు, ఇంకా మానలేదు. తర్వాత కొడవలిని పక్కకు నెట్టింది.

"కోయగాకు నాయనా. ఉండనీ."

"ఎద్దుల పట్టెడ మ్మే!"

"అయితే ఏమిలే. కాడెద్దుల్లో ఒగదానికే కడతారా యాడన్నా? ఆయప్పకు కూడా ఒగటి కట్టు."

మామ ఆలోచించాడు. న్యాయంగానే తోచినట్టుంది. గోడకు వేలాడుతున్న పాత మువ్వ పట్టెడ తీసి నా మెడకు కట్టాడు. అది బొడ్డు దాకా వేలాడింది. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మెడ సన్నం. నంద్యాలలో మేత సాలడంల్యా" అన్నాడు.

ఆ ఏరువాకకు ఆళ్లగడ్డ వీధిలో ముందు రెండు ఎద్దులు, వెనక మేమిద్దరం, నాలుగు మువ్వలూ మోగించుకుంటూ నడిచాం. సాయంత్రం మామ తీరిగ్గా కూర్చుని అన్ని ముడులూ ఒక మేకుతో విప్పాడు. ముందు ఎద్దులవి, తర్వాత కూతురిది, ఆఖరున నాది. నా కార్డులో మాత్రం ఒక్క అక్షరం అబద్ధం లేదని మనవి. ఏ ఆడదాని మెడలోనూ లేదు కదా!

ఆ దండను నారాయణమ్మ ఇప్పటికీ పెట్టెలో దాచుకుంది. పిలిచినా పలకకుండా నేను పేపరు చదువుకుంటుంటే, తీసి ఒక్కసారి మువ్వ ఆడిస్తుంది. నేను లేచి వచ్చి ఎదురుగా నిలబడతాను. కాబట్టి పెద్దలందరి ఎదుటా, నిలువు కాళ్ల మీద నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకే మెడకూ పూసలు గుచ్చను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని గుచ్చినా, మువ్వ మాత్రం చచ్చినా కట్టను.