రెండు పుస్తెలు

సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి బస్సెక్కాక, పక్క సీట్లో కూర్చున్నామె చేతిరుమాలు విప్పి రెండు పుస్తెలు చూపించింది.

"అక్కా, ఒకటి అమ్మోళ్లు పెట్టింది, ఒకటి అత్తోళ్లు పెట్టింది. ఏమన్న తేడా కనిపిస్తుందా, జెర చూడు."

రెండూ ఒకేలా అరిగిపోయి ఉన్నాయి. తెలియడం లేదన్నాను.

"విడాకులైతున్నయి. రెండూ నీవే, ఇయ్యాల్సిన పన్లేదంటున్నడు వకీలు. వాళ్లది వాళ్లకిచ్చి, అమ్మ పెట్టింది దాసుకుందామనుకున్న. అడుగుదామంటే అమ్మ లేదు." నా మెడవైపు చూసి, "నీవి నీకు తెలుస్తయా అక్కా?" అంది.

కొంగు చాటున నా పుస్తెలు బయటికి తీసి చూసుకున్నాను. మళ్లీ లోపల వేసుకున్నాను.

ఆమె రెండింటినీ ఒకే ముడిలో కట్టుకుని మారేడ్‌పల్లిలో దిగిపోయింది.

మా అమ్మ ఉంది. ఫోన్ చేస్తే, నావాటిలో ఏది తను పెట్టిందో చెబుతుంది. ఎందుకడుగుతున్నావంటే ఏం చెప్పాలో తోచక, ఇప్పటికీ అడగలేదు.