మొహమాటానికి కొన్న పవర్ సప్లై

మా అన్నయ్య తన కంప్యూటర్ పెట్టెలో ఏమేం ఉండాలో తేల్చుకోవడానికి ఒక వానాకాలం మొత్తం తీసుకున్నాడు. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ, చూసినవాటిని తిడుతూ గడిపాడు. "వీడు కంపెనీ దగ్గర డబ్బులు తిన్నాడే, ఎలా పొగుడుతున్నాడో చూడు" అనేవాడు. కొన్న కొత్తలో మెచ్చుకున్నవాళ్ళ మాట తనకు లెక్కలేదు. కొంతకాలం వాడి, విసిగి, కోపంతో రాసినవాళ్ళనే నమ్మేవాడు. ఏ వస్తువు గురించైనా ముందు తిట్లు ఎక్కడ దొరుకుతాయో వెతికి, అవన్నీ చదివి, తర్వాతే దాన్ని కొనచ్చో లేదో చెప్పేవాడు.

అంతకుముందు అన్నయ్య చేపల లారీ నడిపేవాడు. కొల్లేరు చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసు వేసిన పెట్టెల్లో సర్దుకుని బెంగాల్ దాకా వెళ్ళి వచ్చేవాడు. ఒక తెల్లవారుజామున దెందులూరు దగ్గర హైవే మీద, లైట్లు లేకుండా ఆపేసిన ట్రాక్టరును తప్పించబోతే లారీ బోల్తా పడింది. ప్రాణం దక్కింది కానీ వెన్ను దెబ్బతిని నడుం కింద నుంచి కదలిక పోయింది. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కొత్త మర్యాద మొదలైంది. అన్నయ్య ఏమన్నా ఎవరమూ కాదనం. కూరలో ఉప్పు చాలలేదంటే, సరిగ్గా ఉన్న కూరలో కూడా వదిన ఇంకాస్త ఉప్పు వేసి తెచ్చేది. వాన వచ్చేలా ఉందంటే, అమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరుతున్న బట్టలు తీసేసేది. లారీ రోజుల్లో ఈ మనిషితోనే వదిన వారం వారం గొడవపడి మాటలు మానేసేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నేను టీచర్‌ని. బళ్ళో తప్పు కనబడితే ఎర్ర ఇంకుతో కొట్టేయందే నాకు నిద్ర పట్టదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నయ్య చెప్పినదానికల్లా తలూపేదాన్ని. అది ప్రేమ అనే అనుకున్నాం అందరం.

తాడేపల్లిగూడెంలో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన అన్నయ్యకు పాత పరిచయం. పెళ్ళి వీడియోలు కోసి, పాటలు కలిపి మిక్సింగ్ చేసే పని ఇస్తానన్నారు. అన్నయ్య నెలల తరబడి ఫోన్‌లోనే ఆ పని నేర్చుకున్నాడు. ఇక కావలసింది కంప్యూటర్. తయారుగా దొరికే పెట్టె కొనుక్కోమని ఎంతమంది చెప్పినా వినలేదు.

"అందులో ఏం పెట్టారో మనకి తెలీదే. పైకి మెరిసేవి రాస్తారు, లోపల దాచేవి రాయరు" అన్నాడు. "లారీ కొన్నవాడు ఇంజన్ గురించి ఊరంతా చెప్పుకుంటాడు. బ్రేకుల గురించి ఎవడూ చెప్పుకోడు."

ఆ మాటన్నాక కిటికీ వైపు తిరిగాడు. నేను టీ తెస్తానని లేచాను.

తను బ్రేకులన్నది పవర్ సప్లై గురించి. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ లోపలి భాగాలకు అవసరమైనట్టు మార్చి పంచిపెట్టే చిన్న డబ్బా అది. అది పాడైతే తను ఒక్కటే పోదు, పక్కవాటిని కూడా పట్టుకుపోతుంది. మా ఊరు కొల్లేరు అంచున ఉంది. చుట్టూ చేపల చెరువులే. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఒక్కసారి ఆన్ చేశారంటే మా ఇంట్లో ఫ్యాను ఈడుస్తూ తిరుగుతుంది. అవి ఆగగానే బల్బు కళ్ళు చెదిరేలా వెలుగుతుంది. ఈ కరెంటుతో మంచి డబ్బా లేకపోతే మిగతావి ఎంత గొప్పవైనా దండగేనని అన్నయ్య వాదన. పెరట్లో గొయ్యి తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించి ఎర్తింగ్ కొత్తగా పెట్టించాడు. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి యూపీఎస్ కొన్నాడు. వీడియోలు దాచడానికి ఒక డిస్కు చాలదని, ఒకటి పోయినా రెండోదాంట్లో కాపీ ఉండేలా రెండు పెట్టాలన్నాడు. "పెళ్ళి మళ్ళీ చేయించలేం కదే" అన్నాడు.

అన్నీ ఆలోచించుకున్నాక ఇద్దరం ఆటోలో ఏలూరు వెళ్ళాం. కంప్యూటర్ భాగాలమ్మే షాపుకు మెట్లున్నాయి. అన్నయ్య ఆటోలోనే కూర్చున్నాడు. షాపాయన మమ్మల్ని చూసి తనే కిందికి దిగి వచ్చారు. నలభై దాటిన మనిషి, తండ్రి కాలం నుంచి బజార్లో వ్యాపారం. ఒక్కో భాగాన్నీ అట్టపెట్టెతో సహా తెచ్చి, ఎండలో, ఆటో పక్కన వంగి నిలబడి చూపించారు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, డిస్కులు అన్నీ అన్నయ్య అడిగినవే. పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి అడిగింది లేదు.

"ఇది తీసుకోండి, ఇదీ బాగానే పనిచేస్తుందండీ" అని ఆయన ఇంకొకటి ఇచ్చారు.

అన్నయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని కాస్త పైకీ కిందికీ ఆడించాడు. అట్టపెట్టె మీద ఉన్నది చదివాడు. మొహం మారింది. ఇక మొదలవుతుంది గొడవ అనుకుని నేను సర్దుకుని కూర్చున్నాను. అరిగిన టైరుకు వేసిన రీట్రెడింగ్ బాగోలేదని మెకానిక్కుతో పూటంతా పోట్లాడిన మనిషి మరి.

"సరేనండీ. మీరు చెప్పాక ఇంకేముంది" అన్నాడు.

నేను తెల్లబోయాను. షాపాయన చెమట తుడుచుకుంటూ నాకూ అన్నయ్యకూ కూల్‌డ్రింకులు తెప్పించారు. ఆటో బస్టాండు దాటాక అన్నయ్య ఆ డబ్బాను మళ్ళీ చేతిలో ఆడించాడు.

"తేలిగ్గా ఉందే అది. మంచివి బరువుంటాయి."

"మరి తెలిసీ ఎందుకు తీసుకున్నావు అన్నయ్యా?"

"అంత ఎండలో కిందికి దిగి వచ్చాడే మనిషి. నా కోసం వంగి నిలబడ్డాడు. ఎలా వద్దంటాం?"

మా వైపు మనుషులకు ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. భోజనానికి కూర్చున్నవాణ్ణి కడుపు పగిలేదాకా తినిపించేదీ ఈ మొహమాటమే. నచ్చని సంబంధానికి 'చూద్దామండీ' అని ఏడాది పాటు చెప్పించేదీ ఇదే. ఒక్కసారి మర్యాదగా కుర్చీ వేస్తే చాలు, మాకు నోరు పడిపోతుంది. కానీ నాకు దిగులేసింది దాని గురించి కాదు. అన్నయ్యకు ఇంతకుముందు ఈ జబ్బు లేదు. చక్రాల కుర్చీతో పాటే వచ్చింది. ఎవరైనా తన కోసం కొంచెం శ్రమపడితే చాలు, వాళ్ళకు తను బాకీ పడ్డట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

కంప్యూటర్ బిగించిన రోజు మాత్రం పండగే. భోజనాల బల్ల మీద అన్నీ పరిచి, నన్ను టార్చిలైటు పట్టుకోమని, ఒక్కో స్క్రూ తనే బిగించాడు. రాత్రిళ్ళు లైటు వేస్తే మా ఊళ్ళో పురుగులు గుంపులుగా వస్తాయి. అవి ఫ్యానులోకి పోకుండా, పాత దోమతెర ముక్క కత్తిరించి పెట్టెకు అంటించాడు. తెర మీద వెలుతురు రాగానే అమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. వదిన కళ్ళు తుడుచుకుంది. స్టూడియో ఆయన మొదటి పెళ్ళి వీడియో పంపారు. తాడేపల్లిగూడెం దగ్గర చర్చిలో జరిగిన పెళ్ళి. కెమెరా కార్డులు మళ్ళీ వాడుకోవాలి కాబట్టి ఆయన దగ్గర కాపీ ఉంచుకోలేదు. ఆ పెళ్ళి మొత్తం ఇక అన్నయ్య దగ్గర మాత్రమే ఉంది.

పని సగంలో ఉండగా మొదలైంది. సాయంత్రం చెరువుల మీద ఏరియేటర్లు వేయగానే కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదటి నుంచి లేచేది. యూపీఎస్ బ్యాటరీకి మారే రెప్పపాటు కాలం కూడా ఆ డబ్బా తట్టుకోలేకపోయింది. అన్నయ్య పళ్ళు బిగబట్టి, నిమిషానికోసారి సేవ్ చేసుకుంటూ నెట్టుకొచ్చాడు. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఇంట్లో ప్లాస్టిక్ కాలిన వాసన. అన్నయ్య ప్లగ్గు పీకేసి, ఆ పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాడు.

"పోతే పోయింది లేరా, నువ్వు బాగున్నావు అదే చాలు" అంది అమ్మ. "కంగారు పడకండి" అంది వదిన. నేనూ అలాంటిదే ఏదో అన్నాను. అన్నయ్య స్టూడియో ఆయనకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. పెళ్ళి వీడియో పోయి ఉండచ్చని చెప్పాడు. ఆయన తిడతారనే అనుకున్నాం అందరం.

"పర్లేదండీ, పర్లేదు. పెళ్ళివాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటాను లెండి. మీ ఆరోగ్యం జాగ్రత్త, అదే ముఖ్యం" అన్నారు ఆయన.

ఫోన్ పెట్టేశాక అన్నయ్య మొహం చూడలేకపోయాను. ఒకరి పెళ్ళి పోగొట్టినా తిట్టలేదంటే, ఆయన మొదటి నుంచీ తన మీద ఏ ఆశా పెట్టుకోలేదని అన్నయ్యకు అర్థమైంది. ఇచ్చింది పని కాదు, జాలి. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు నా చేత బడికి సెలవు పెట్టించి ఏలూరు తీసుకెళ్ళమన్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆటో ఆగగానే షాపాయన మొదటిసారి లాగే కిందికి దిగి వచ్చారు.

"అయ్యో, ఏమైందండీ? మీరు రావడం ఎందుకండీ, ఫోన్ చేస్తే మనిషిని పంపేవాణ్ణి కదా. కొత్తది ఇచ్చేస్తాను, డబ్బులేం వద్దండీ."

"డబ్బులు వద్దని మిమ్మల్ని ఎవరడిగారండీ?" అన్నాడు అన్నయ్య. గొంతు చూసి నేనే ఉలిక్కిపడ్డాను. "ఒక్కటి చెప్పండి. ఇది నా పనికి చాలదని ఆ రోజు మీకు తెలుసా, తెలీదా?"

ఆయన నేల చూశారు. "తెలుసండీ."

"మరెందుకు ఇచ్చారు?"

"మీరు అంత దూరం నుంచి, ఆ పరిస్థితిలో వచ్చారు. లేదని ఉత్త చేతులతో ఎలా పంపేదండీ?"

"పరిస్థితి నా కాళ్ళది. కంప్యూటర్‌ది కాదు! ఈ పరిస్థితి చూసే కదండీ నాకు అందరూ దేనికైనా బాగుందనే ఒకటే మాట చెప్తున్నారు. మీరు వ్యాపారస్తులు, మీరైనా నిజం చెప్పొద్దా?"

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాను, విదిలించేశాడు. అప్పుడు షాపాయనకూ కోపం వచ్చింది.

"మరి మీరు చెప్పారాండీ నిజం? చేతిలో పెట్టుకుని బరువు చూశారు. అది పనికిరాదని మీకు ఆ క్షణమే తెలిసిపోయింది, మీ మొహంలో నేను చూశాను. ఇంకెవరైనా అయితే వద్దని నా చేతిలో పెట్టేసి పోయేవాళ్ళు. తెలిసి తెలిసి పట్టుకెళ్ళి, ఇవాళ నడిరోడ్డు మీద నన్ను కేకలేస్తారేంటండీ? తప్పు సగం మీది!"

ప్రమాదం జరిగాక అన్నయ్యతో ఎవరూ అలా మాట్లాడలేదు. అన్నయ్య ఆయన వైపు కళ్ళార్పకుండా చూశాడు.

"సగం కాదు" అన్నాడు. "ముప్పాతిక మీది."

"సగమేనండీ. అంతకన్నా ఒప్పుకోను."

అలా ఇద్దరూ ఆటోకు అటూ ఇటూ ఉండి చాలాసేపు వాదించుకున్నారు. కూల్‌డ్రింకుల ఊసే లేదు. మంచి పవర్ సప్లై విజయవాడ నుంచి రావాలనీ, వచ్చేదాకా ఇంకేదీ అంటగట్టననీ, అప్పటిదాకా ఓపిక పట్టాల్సిందేననీ షాపాయన ఖరాఖండిగా చెప్పారు. "ఈ మాట మొదటిరోజే అనాల్సింది" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఆయన పెట్టె విప్పి డిస్కులు పైకి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఒకటి పూర్తిగా పోయింది. రెండోది ఆయన కంప్యూటర్‌కు తగిలించగానే, చర్చి గుమ్మంలో నిలబడి ముసుగు సర్దుకుంటున్న పెళ్ళికూతురు కనబడింది. నేను మెట్ల మీద నుంచే అరిచాను, "ఉంది అన్నయ్యా, ఉంది!" అని. ఆటోలో కూర్చున్న మా అన్నయ్య రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

కొత్త పవర్ సప్లై వచ్చాక మళ్ళీ బిగించుకుని, పని పూర్తి చేశాడు. ఏరియేటర్లు వేసే వేళ కూడా కంప్యూటర్ కదలకుండా నడిచింది. స్టూడియోకు పంపే ముందు మా అందరినీ కూర్చోబెట్టి వీడియో చూపించాడు. అమ్మ చాలా బాగుందంది. వదిన ఎంత బాగా చేశారో అంది. అన్నయ్య కుర్చీ నా వైపు తిప్పాడు.

"నువ్వు చెప్పవే."

బాగుంది అన్నయ్యా అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. ఎండలో ఎర్రబడ్డ షాపాయన మొహం గుర్తొచ్చి ఆగాను.

"పాటలు ఎక్కువైపోయాయి. ప్రార్థన మాటలు వినబడకుండా ముంచేశావు. పెళ్ళికూతురు చెయ్యి అందిస్తూ వాళ్ళ నాన్న ఏడుస్తుంటే అక్కడ కోసేశావు. అది కోసేస్తే ఇంకేముంది అన్నయ్యా ఈ పెళ్ళిలో?"

అమ్మ నన్ను మింగేసేలా చూసింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకేం తెలుసే మిక్సింగ్ గురించి?" అని అన్నయ్య ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "బళ్ళో పిల్లల పేపర్లు దిద్దినట్టు అనుకున్నావా ఇది?"

"కళ్ళున్నాయి కదా, కనబడింది చెప్పాను!"

"నీ మొహం చెప్పావు!"

అన్నాలు చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నాం. కోపంగా లేచి వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, ఎందుకో తెలీకుండానే నవ్వుతూ ఏడుస్తున్నాను. ముందు గదిలో వీడియో వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినబడింది. పెళ్ళికూతురు తండ్రి ఏడుపు మొదలైంది, ఈసారి మధ్యలో ఆగలేదు. ఆ వెంటనే అన్నయ్య గొంతు.

"ఎక్కడికి పోయావే? ఇంకా ఏం బాగోలేదో అది కూడా చెప్పి ఏడు!"