హిరణ్యకశిపుడి పేగులు, పేరంటాలమ్మ చీర

ప్రమాదం ముంచుకొచ్చిందని నాకు తెలిసిన క్షణం బాగా గుర్తుంది. సాయంత్రం, వీధి దీపాలు ఇంకా వెలగలేదు. కల్లూరులో మా ఇంటి గడప మీద ఐదేళ్ల మా అబ్బాయి కూర్చుని, మూడేళ్ల చెల్లెల్ని తొడల మీద అడ్డంగా పడుకోబెట్టుకుని, దాని గౌనులోంచి ఎర్రటి పేగులు బయటికి లాగుతున్నాడు. మూరలకొద్దీ వస్తున్నాయి. చెల్లెలు పకపకా నవ్వుతోంది.

అంతవరకూ నాకేమీ భయం వేయలేదు. కిందటి నెల అహోబిలం తీసుకుపోయి, స్తంభంలోంచి నరసింహస్వామి వచ్చిన కథ చెప్పింది నేనే. అప్పటినుంచి మా ఇంట్లో హిరణ్యకశిపుడు రోజుకు నాలుగుసార్లు చస్తున్నాడు. కానీ ఈసారి పేగులకు పసుపు అంచు ఉంది. అది పేరంటాలమ్మ చీర.

పేరంటాలమ్మ అంటే మా ఆయన ముత్తాతకు మొదటి భార్య. ముత్తైదువగా పోయింది కాబట్టి ఇంటికి దేవత అయింది. కోయిలకుంట్ల నుంచి ఇక్కడికి మారినప్పుడు ఆమె కూడా మూత ఉన్న వెదురుబుట్టలో, మా అత్త ఒళ్లో కూర్చుని వచ్చింది. ఏటా ఒక శుక్రవారం బుట్టలో కొత్త చీర పెట్టి, పాతది ఇంటి కోడలు కట్టుకోవాలి. ఆ శుక్రవారం మర్నాడే.

నేను పుట్టింది కడపలో, చదివింది కెమిస్ట్రీ. కొత్త కోడలిగా ఆ బుట్టను చూసి లోలోపల నవ్వుకున్నాను. పిల్లలు పుట్టాక నవ్వు ఆగిపోయింది. ఎవరు దగ్గినా ముందు డాక్టరుకు ఫోను, తర్వాత బుట్టకు దండం. ఒక్కోసారి వరస మారేది. ఆమెతో ఎలా మెలగాలో అత్తే నేర్పింది. "ఒకసారికి ఒకటే అడగాల. అబద్ధం చెప్పగూడదు. ఇస్తానన్నది ఇయ్యాల" అనేది. జవాబు కావాలంటే బుట్ట మూత మీద మల్లెపువ్వు పెట్టి ఫ్యాను ఆపాలి. పువ్వు జారితే సరేనన్నట్టు. ఫ్యాను ఎందుకు ఆపాలని అడిగితే, "గాలికి పడితే అది గాలి చెప్పిన మాటయితాది, ఆయమ్మది కాదు" అంది. మా కాలేజీ ల్యాబులో కూడా అంత నిక్కచ్చి మనిషి లేడు. నేను మాత్రం, పాపను ఇప్పుడే బడిలో వేయాలా అని అడిగిన రోజు, పొద్దున రెండు గంటలైనా ఇల్లు నెమ్మదిగా ఉంటుందన్న ఆశతో, అత్త చూడకుండా ఫ్యాను ఒకటో నంబరులో పెట్టాను. పువ్వు జారింది.

చీర విప్పి చూస్తే మధ్యలో జానెడు చిరుగు.

"ఎట్ల చిరిగిందిరా?"

"స్వామి గోళ్లు శానా వాడి అని నువ్వే చెప్తివి కదమ్మా!"

సరిగ్గా అప్పుడే పాప తుమ్మింది. జ్వరం, ఆసుపత్రి, సెలైను సీసా, అన్నీ నా కళ్లముందు వరసగా కనబడ్డాయి. నా పిల్లల మీద ఒక కన్నేసి ఉంచమని ఐదేళ్లుగా ఎవరిని అడుగుతున్నానో, ఆమె ఇక మొహం తిప్పుకుంటుందేమోనన్నదే నా భయం.

సందు చివర షేర్ ఆటో ఆగింది. అత్త కొత్త చీర చంకలో పెట్టుకుని వచ్చి, పాత చీరను, మనవడిని మార్చి మార్చి చూసింది.

"ఎవురు జేసిండేది?"

"నరసింహస్వామి, జేజీ" అన్నాడు వాడు.

"ఆయప్పకు ఈడేం పని?" అని, నావైపు తిరిగింది. "నన్ను చూస్తావేం? చీర నాది కాదు. పోయి ఆయమ్మకే చెప్పుకో."

ఫ్యాను ఆపి బుట్ట ముందు కూర్చున్నాను. మంచి ఎండాకాలం. క్షమించమ్మా అన్నాను. పువ్వు కదల్లేదు. మళ్లీ అన్నాను. చెమట వీపు మీద కారుతోంది గానీ పువ్వు పూచికపుల్లంత కూడా జరగలేదు. పాప మళ్లీ తుమ్మింది. నా చూపు దానంతటదే స్విచ్చిబోర్డు మీదికి పోయింది.

"ఏమంటాంది?" వంటింట్లోంచి అత్త.

"ఏమీ అనడం లేదత్తా."

"నువ్వేం అడిగితివి?"

"క్షమించమని."

"అది పెట్టుకోని ఏం జేసుకుంటాది? ఏం జేస్తావో అది చెప్పల్ల." అత్త వచ్చి పక్కన కూలబడింది. "ఆయమ్మను ముసిల్ది అనుకుంటాండావేమో. పోయేనాటికి నీకంటే చిన్నది. సంకలో ఒకరు, కొంగు పట్టుకోని ఒకరు. పిల్లోళ్లుండే ఇంట్లో చీర చిరుగుతాదని ఆమెకు తెలీదా?"

ఇన్నాళ్లూ ఆ బుట్టలో నేను ఊహించుకున్నది తెల్లజుట్టు, పెద్ద బొట్టు. ఒక్కసారిగా అందులో నిద్ర చాలని కళ్లతో ఒక చిన్న అమ్మాయి కనబడింది. "రేపు పొద్దున్నే కుట్టుకుని కట్టుకుంటాను. చిరుగు కనబడితే కనబడనీ" అన్నాను. నోరు ఎలాగూ తెరిచాను కదా అని, "ఇంకోటి. పాపను బడికి పంపమన్నది నువ్వు కాదు. ఫ్యాను నేనే వేసినాను" అన్నాను.

"ఏమంటివి?" అత్త గిర్రున తిరిగింది.

అప్పుడే నెత్తిమీద ఫ్యాను కూడా గిర్రున తిరిగింది. పువ్వు టపీమని పడింది. వెనక స్టూలు మీద మా అబ్బాయి, స్విచ్చి మీద చేయి.

"ఫ్యాను యాల ఏసినావురా?"

"ఆయమ్మకు ఉడకపోస్తాంది జేజీ. మూతేసినారు, ఫ్యానూ ఆపినారు!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇన్నేండ్లు ఆయమ్మను మూతేసి ఉడకబెట్టి, మాట్లాడు మాట్లాడు అంటాంటిమే! యాడ మాట్లాడ్తాది?"

"ఇప్పుడిది గాలి చెప్పిన మాటేనా అత్తా?" భయంభయంగా అడిగాను.

"గాలి ఏసింది ఈ ఇంటి పిల్లోడు. ఆయమ్మ ఇంకెవురితో చెప్పిస్తాది?" అని చీర దులిపింది. మడతల్లోంచి పసుపు పొడి లేచింది. పాప మళ్లీ తుమ్మింది. "ఈ పసుపుకు తుమ్ముతాంది బిడ్డ" అంది అత్త, కెమిస్ట్రీ చదివిన నాతో.

పొద్దున ఎర్రదారంతో చిరుగు కుట్టి, ఆ చీర కట్టుకుని, పిల్లలిద్దర్నీ బుట్ట ముందు కూర్చోబెట్టాను. మూత కొంచెం ఓరగా పెట్టాం. ఫ్యాను తిరుగుతోంది. "ఇందులో ఉన్నది ముసలామె కాదు, అమ్మ. ఆమెకూ మీలాంటి పిల్లలున్నారు. ఆమె వస్తువు కావాలంటే అడిగి తీసుకోండి" అన్నాను. "హిరణ్యకశిపుడి పేగులకు మాత్రం నాన్న లుంగీ వాడుకోండి. దానికి ఎవరినీ అడగక్కర్లేదు."