డ్రిప్ ఉన్న చేతి రక్తం

"నంబరెంతొచ్చిందే?" అన్నాడు మా ఆయన.

"సగానికి దిగింది. ఈ పొద్దు కాలు తియ్యరంట. పండుకో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. అప్పుడు ఉదయం తొమ్మిది దాటింది. నేను అబద్ధం చెప్పలేదు, కాగితం మీద ఉన్న అంకె అదే. ఆ అంకె తప్పని అప్పటికి ఎవరికీ తెలియదు. తప్పు రావడానికి కారణం నేను.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు పెనుకొండలో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంటున్నాను. ఆమె కూతురు హేమ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. తనతో చదివేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పమంది. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు. అంకెలు మాత్రం బాగా వస్తాయి.

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పద్దెనిమిదేళ్లు అటెండరుగా పనిచేశాను. కాపురం ధర్మవరంలో. రోజూ పొద్దున ప్యాసింజరు రైల్లో వెళ్లడం, సాయంత్రం రైల్లో రావడం. అటెండరంటే ల్యాబులో అందరికన్నా కింది మెట్టు. మా పైన టెక్నీషియన్లు, వాళ్ల పైన సీనియర్ టెక్నీషియన్ ఖాదర్ సార్. రక్తం తీసే అధికారం మాకు లేదు. వార్డులో సిస్టరమ్మ తీస్తుంది. మేము రోగి చెయ్యి కదలకుండా పట్టుకోవాలి, ట్యూబు మీద చీటీ సరిచూడాలి, ల్యాబుకు మోసుకురావాలి. ఊదా మూత ట్యూబును మెల్లగా నాలుగైదు సార్లు తలకిందులు చెయ్యాలి, లేకపోతే గడ్డ కడుతుంది. హిమోగ్లోబిన్ అందులో చూస్తారు. ఎర్ర మూత ట్యూబును కదిలించకుండా నిలబెట్టాలి. అది గడ్డ కట్టాక మిషన్లో తిప్పితే పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. ప్రోటీన్లను ఆ నీటిలో చూస్తారు.

మా ఆయన నారాయణప్ప పట్టుచీరల మగ్గం నేసేవాడు. గుంట మగ్గం. కాళ్లు గుంటలో, చేతులు పైన. పదేళ్లుగా షుగరు. ఒక వేసవిలో ఎడమ కాలికి పాత పట్టుగుడ్డ చుట్టుకుని తిరుగుతుంటే ఏమిటని అడిగాను.

"గుంటలో చెమ్మకు పాసిందిలేవే. ఈ చీర మగ్గం దిగేలోపల ఆరిపోతాది."

"నొప్పి లేదా?"

"నొప్పుంటే నీకు చెప్పకుండా ఉంటానా? దోమ కుట్టినా ఊరంతా వినపడేట్ల అరిచేవాణ్ణి గదా నేను."

అది నిజమే. అందుకే నేనూ వదిలేశాను. నాలుగో రోజు వాసన వచ్చింది. గుడ్డ విప్పితే అరికాలి నడుమ నల్లటి రంధ్రం కనిపించింది. కాలితో తొక్కే పలకలో మేకు పైకి లేచి ఉంది. ఎన్ని రోజులుగా దాని మీద తొక్కుతున్నాడో ఆయనకే తెలియదు. షుగరు ముదిరితే అరికాలికి స్పర్శ ఉండదు. మర్నాడు నాతోపాటే రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాను.

థర్మామీటరు పెడితే జ్వరం లేదు. ఆయన లేచి కూర్చుని, "చూసినావా, ఏమీ లేదు, సాయంత్రం బండికి పోదాం," అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. షుగరు రోగులకు విషం రక్తంలోకి పాకినా కొందరికి జ్వరం రాదని, ఒంటి మీద చూసి నమ్మకూడదని, రక్తంలో చూడాలని చెప్పింది. సి.ఆర్.పి., పి.సి.టి. రెండూ రాసింది. రెండూ రక్తంలోని ప్రోటీన్లే. సి.ఆర్.పి. ఏ వాపుకైనా పెరుగుతుంది. కాలి పుండుతో వచ్చిన షుగరు రోగికి అది ఎక్కువగానే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి పెద్దగా తేలదు. పి.సి.టి. మామూలు మనిషిలో ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. సూక్ష్మజీవులు రక్తంలో పడితే గంటల్లో లేస్తుంది, మందు పనిచేస్తే దిగడం మొదలుపెడుతుంది. ఒక్కసారి చూసి వదిలేసే పరీక్ష కాదు, మర్నాడు మళ్లీ చూడాలి.

మొదటి రోజు ఆయన పి.సి.టి. ఇరవై. అర దాటితేనే అనుమానించే పరీక్ష అది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి రెండే దారులు చెప్పింది. రేపు ఉదయానికి అంకె బాగా దిగితే మందుతోనే ఇంకొక రోజు చూస్తారు. దిగకపోతే మోకాలి కింద కాలు తీసేస్తారు, రేపే. ఈ మాట ఆయనకూ చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "ఒక కాలితో మగ్గం యాడ తొక్కేది?" అన్నాడు.

రెండో రోజు ఏడు గంటలకు రక్తం తీయడానికి సిస్టరమ్మ వచ్చింది. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతోంది. డ్రిప్ ఉన్న చేతిలోంచి రక్తం తీయకూడదు, ఎక్కే నీళ్లు రక్తంలో కలుస్తాయి. ఇది ల్యాబులో మొదటి పాఠం. నాకు తెలుసు.

"రత్నమ్మా, ఆ కుడిచెయ్యి పట్టుకో," అంది సిస్టరమ్మ.

ముందురోజు నరం దొరక్క ఆ చేతిని మూడు చోట్ల పొడిచారు. మోచేతి దగ్గర నల్లగా వాచి ఉంది. "అది మగ్గం మీద పోగుల మధ్య నాడె ఆడించే చెయ్యి సిస్టర్. ఎట్లయిందో చూడండి. ఈ ఎడమచేతిలో సూది ఎట్లాగూ ఉండాది గదా, దాంట్లోంచే లాగేయండి," అన్నాను.

ఆమె ఆగింది. "తప్పు గదా, నీకు తెలీదా?"

"మా ఇంటామె మీ డాక్టరమ్మకే డాక్టరు. ఆమె చెప్పినట్ల కానియ్యమ్మా," అన్నాడు ఆయన. సిస్టరమ్మ నవ్వింది. సెలైన్ ఆపి, వెంటనే ఆ సూదిలోంచే లాగింది. రెండు ట్యూబులూ నేనే మోసుకుపోయాను.

ఎర్ర మూత రిపోర్టు ముందు వచ్చింది. పి.సి.టి. పదకొండు. డాక్టరమ్మ ఆపరేషన్ వాయిదా వేసింది. నేను పరుగున పోయి ఆయనకు చెప్పి, మళ్లీ పనిలోకి వచ్చాను.

ఊదా మూత మిషను ఆ ఉదయం ఆగిపోయి ఉంది. పన్నెండున్నరకు గాని నడవలేదు. ఖాదర్ సార్ రెండు రోజుల కాగితాలు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"రత్నమ్మా, మీ ఆయనకు రక్తమేమన్నా పోయిందా?"

"లేదు సార్."

"నిన్న హిమోగ్లోబిన్ పన్నెండు, ఈ పొద్దు ఏడు. పి.సి.టి. నిన్న ఇరవై, ఈ పొద్దు పదకొండు. రెండూ ఒకే తీరుగా దిగినాయి. జబ్బు తగ్గితే ఇట్ల దిగవు, నీళ్లు కలిస్తే దిగుతాయి. ఏ చేతిలోంచి తీసినారు?"

"నాకు తెలీదు సార్. సిస్టరమ్మ తీసింది."

నేనన్న మాట అదే. ఆ పొద్దు చెయ్యి దగ్గరున్నది నేనేనని తెలియక ఆయన నా మాట నమ్మాడు. రాత్రి డ్యూటీ సిస్టరమ్మ అప్పటికే ఇంటికి పోయింది. అయితే మిషనుదే తప్పేమో అనుకుని కంట్రోల్ వేశాడు. కంట్రోల్ అంటే ఎంత రావాలో ముందే తెలిసిన ద్రవం. అది సరిగ్గా వస్తే మిషను మంచిదని లెక్క. దానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో నేను నా డబ్బా విప్పుకుని అన్నం తిన్నాను. చింతాకు పప్పు. మొత్తం తిన్నాను. పదకొండు అన్న అంకె ఇంకాసేపు అట్లాగే ఉండాలని అనిపించింది.

చెయ్యి కడుక్కుని పోయి చెప్పాను. "డ్రిప్ చేతిలోంచే సార్. నేనే చెప్పి తీయించినాను."

ఖాదర్ సార్ తిట్టలేదు. సూది, ట్యూబులు తీసుకుని ఆయనే వార్డుకు నడిచాడు. మేము పోయేసరికి మా ఆయన ఎగశ్వాస తీస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను గుర్తుపట్టలేదు. డ్యూటీ డాక్టరు అప్పుడే వచ్చి నిలబడి ఉన్నాడు. వాచిన కుడిచేతిలో ఖాదర్ సార్‌కు ఒక్క పోటుకే నరం దొరికింది.

పి.సి.టి. ముప్పై ఒకటి.

సంతకం నేను పెట్టాను. నాలుగు గంటలకు కాలు తీశారు. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. మూడో రోజు ఉదయం పోయాడు. ఉదయమే తీసి ఉంటే బతికేవాడా అని డాక్టరమ్మను అడిగాను. బతికేవాడని చెప్పలేనని, బతికేవాడు కాదని కూడా చెప్పలేనని అంది. ఆమె చెప్పింది సరైన మాట. నేనూ అంతకన్నా ఎక్కువ అనుకోలేదు.

సిస్టరమ్మకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. నేను ఆఫీసుకు పోయి జరిగింది చెప్పి వేలిముద్ర వేస్తానన్నాను. సంతకం వచ్చు గదా, సంతకమే పెట్టమన్నారు. ఆమె ఉద్యోగం నిలిచింది. నాకు ఒక మెమో వచ్చింది. దినాలు కాగానే తిరిగి పనిలో చేరాను.

ఆ తర్వాత ఉద్యోగం దిగేదాకా ఒక పని చేశాను. వార్డులోకి పోగానే డ్రిప్ ఉన్న చేతికి, మణికట్టు దగ్గర, గాజుగుడ్డ ముక్క వదులుగా కట్టేదాన్ని. గుడ్డ ఉన్న చెయ్యి ముట్టకూడదు. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే గుర్తు. కొత్తగా చేరిన అటెండర్లందరికీ అదే నేర్పాను.

నేను నేర్చుకున్నది ఇది. రెండు అంకెలు ఒకే తీరుగా దిగితే సంతోషపడకూడదు, ఏ చేతిలోంచి తీశారో అడగాలి. సొంతవాళ్ల చెయ్యి పట్టుకోవాల్సి వస్తే పక్కకు తప్పుకుని ఇంకొకరిని పిలవాలి. అడిగినప్పుడు తెలిసింది అప్పుడే చెప్పాలి.

అంతే పాపా. ఏం, ఆపేసినావు? నీళ్లు తాగు. మీ అమ్మను కూడా పిలువు, వాళ్ల అన్న ఎట్ల పోయినాడో ఇంతవరకు ఆమెకు నేను చెప్పలేదు. ఇంక మొదటినుంచి చదువు. అన్నం తిన్న కాడ మెల్లగా చదువు. ఆడ నా మీద జాలిపడి ఒక్క మాట తీసేసింటే మళ్లీ రాయాల.