గ్యారేజీలో బర్గండీ

శనివారం పొద్దున ఫోన్ మోగింది. సన్నీబ్యాంక్ పేటలో ఉండే ఆంటీగారు నిద్రలోనే పోయారని చెప్పారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "అయ్యో, మరి సాయంత్రం పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని. రాయడానికే సిగ్గేస్తోంది.

ఆవిడ గుంటూరులో కాలేజీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పి రిటైరై, ఎక్స్‌పో ఎగ్జిబిషన్ జరిగిన ఏడాది ఇక్కడ ఆస్ట్రేలియాకి, బ్రిస్బేన్‌లో తమ్ముడి దగ్గరికి వచ్చారు. శనివారాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఆవిడ చెప్పులు విప్పకముందే "ఆంటీ, పిల్లల్ని కాస్త చూస్తారా" అని గ్యారేజీలోకి పంపేసేవాళ్ళం. అన్నం ప్లేటూ అక్కడికే వెళ్ళేది. ఆవిడకి పిల్లలంటే ఇష్టంలే అని మాకు మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం.

కూల్‌డ్రింకు సీసాల కోసం వెళ్ళినప్పుడు చూసేదాన్ని. సిమెంటు నేలమీద సుద్దముక్కతో దేశాలు గీసి, మా చెప్పుల్ని సైన్యాలుగా నిలబెట్టేవారు. మా ఆయన బూట్లు ఒకప్పుడు ఫ్రాన్స్ పక్కన బర్గండీని ఏలిన డ్యూక్ పక్షం. హవాయి చెప్పులన్నీ స్విట్జర్లాండ్ వాళ్ళు. మడమ అరిగినవి ఇంగ్లండ్ ప్రభువులకు, ఎప్పుడూ తమలో తాము కొట్టుకుంటారని.

"కిరీటాలు తీసేస్తే వీళ్ళూ మన చుట్టాలేనే అమ్మాయ్. గట్టు జరిపాడని తలలు పగలగొట్టుకునే రకం," అన్నారోసారి. నవ్వి, సీసాలు పట్టుకుని వచ్చేశాను. ఒక్కరోజూ కూర్చుని వినలేదు.

ఆవిడ వచ్చిన చివరి శనివారం మా అమ్మాయి పుట్టినరోజు. కేకు కోస్తున్నామని పిలవడానికి వెళ్ళాను.

"రెండు నిమిషాలు ఆగు తల్లీ, యుద్ధంలో డ్యూక్ కనబడటంలేదు," అన్నారు.

నేను ఆగలేదు. పిల్లల్ని తీసుకొచ్చేశాను.

ఆవిడ పోయాక మా ఇంట్లో జరిగిన కూడికలో ఒక్కొక్కరం లేచి, పిల్లలంటే ఆంటీగారికి ప్రాణమని చెప్పి కూర్చున్నాం. అందరిదీ అదే మాట. ఆవిడ తమ్ముడు మర్యాదగా తలూపుతూ విన్నారు. మాకు ఇంకేమీ తెలియదని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. ఆయన మొహం చూడలేక గ్యారేజీలోకి వెళ్ళాను.

పిల్లలు ఊరికే కూర్చుని ఉన్నారు. నేనూ నేలమీద కూర్చుని, ఆంటీ చెప్పిన కథ నాకు చెప్పమన్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఎవరి మాటా వినని డ్యూక్, ఇంటి దగ్గర కబురు కోసం ఎదురుచూసే ఒక్కగానొక్క కూతురు, మంచులో చెల్లాచెదురైన సైన్యం. యుద్ధం అయిపోయింది, అందరూ ఆయన్ని వెతుకుతున్నారంది. అక్కడ ఆగింది.

"తర్వాత?" అన్నాను.

"తెలీదమ్మా," అంది. "అప్పుడే నువ్వు తలుపు తీశావు."