మామ తెల్లంగి

మా మేనమామ పోయాడన్న కబురు నకిరేకల్ బస్టాండులో కరపత్రాలు పంచుతుంటే వచ్చింది. ఫోన్లో అమ్మ. "నీ మామ లేడురా. దవాఖానకు తీసుకపోయేదాంక గూడ ఆగలే." మిగిలిన కాగితాలు బెంచీ మీదే వదిలేసి బస్సెక్కాను.

మీలో పద్యనాటకాలు చూసేవాళ్లు మా మామ పనిని చూసే ఉంటారు. మనిషిని చూసి ఉండరు. నల్లగొండలో ఒక నాటక సమాజానికి తెర లాగింది ఆయనే. దర్బారు పరదా, అడవి పరదా కట్టి దింపింది, అచ్చంపేట దాకా వాటిని డీసీఎం వ్యానులో మోసుకెళ్లింది, రాజుగారి కిరీటం ఊగితే పిన్నీసు పెట్టింది ఆయనే. రాముళ్లు మారారు, రావణులు మారారు. తాడు దగ్గర మాత్రం మామే.

ఎప్పుడూ నల్లంగి. లైటు పక్కకు పడ్డా జనానికి కనబడకూడదట. స్టేజీ మీద చెప్పులు వేసుకోడు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. చప్పుడు లేకుండా వంటింట్లోకి వస్తే అమ్మ ఉలిక్కిపడేది.

"పిల్లి లెక్క వస్తవేందిరా! జర దగ్గితె ఏం పోతది?"

"దగ్గితె నాటకం పోతదక్కా."

ఆట ఉన్న ఊళ్లన్నిటి నుంచీ నాకు పలచటి పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు. "నువ్వు చదువు అల్లుడా. చీకట్ల ఉండి ఉండి నాకు అక్షరాలు ఆనుత లేవు," అనేవాడు. నాకు కోపం నేర్పింది ఆ పుస్తకాలే. ఎన్నాళ్లు ఇలా వెనకే ఉంటావని ఆయన మీదే ఎగిరేవాణ్ని. "నేను కనబడ్డనంటే పని కరాబైనట్టేరా," అని నవ్వేవాడు.

రాష్ట్రం వచ్చాక సన్మాన సభలు పెరిగాయి. శాలువాలన్నీ కిరీటాలు పెట్టినవాళ్లకే. సమాజం కార్యదర్శి ఇంటికి పోయి కొట్లాడాను. తెర వెనక మనిషిని పిలవకుంటే హాలు గేటు ముందు కూర్చుంటానన్నాను. నాటకం అయ్యాక మామను పిలుస్తామని ఒప్పుకున్నాడు. నేనే తెల్లంగి కుట్టించి ఇచ్చాను.

ఆ సాయంత్రం ముందు వరుసలో కూర్చున్నాను. రెండు రంగాల మధ్య కార్యదర్శి మామను కసురుకోవడం నాకు వినబడింది. "ఏందయ్యా గా తెల్లంగి? కండ్లల్ల కొడుతాంది. లోపలికి జరుగు!" మామ జరిగాడు.

నాటకం అయింది. నటులకు శాలువాలు కప్పారు. ముఖ్య అతిథి ఉపన్యాసం సాగి సాగి ముగిసింది. వెంటనే కారెక్కాలన్న తొందర ఆయనకు. కార్యదర్శి పక్కకు తిరిగి, తెర వెయ్యమని చేత్తో సైగ చేశాడు.

"మా మామను పిలువరా?" లేచి అరిచాను. అప్పటికే తెర కదిలింది. తన సన్మానం మీద తెర తనే లాగాడు మామ, ఒక్క కుదుపు లేకుండా.

వెనక్కి పరుగెత్తాను. తాడు ముడి వేస్తున్నాడు.

"ఎందుకు లాగినవు మామా? చెయ్యి ఆపితె అయిపోతుండె గద!"

"లాగుమన్నరు, లాగిన. సాఫ్‌గ పడ్డదా లేదా, గది చెప్పు."

సాఫ్‌గానే పడింది.

మామకు అలాంటి ఆశలు ఉండవని అప్పటి నుంచి నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టిన రోజున ఆ ఊరటా పోయింది. ఆ తెల్లంగి తొడిగి సాగనంపుదామన్నాను. అత్త అడ్డం వచ్చింది.

"వద్దు బిడ్డా. గా సభకు ముంగట అద్దం కాడ నిలవడి దండం పెట్టుడు నేర్చుకున్నడు నీ మామ. 'జనం దిక్కు చూడాల్నా, కిందికి చూడాల్నానే' అని నన్నడిగిండు. మళ్ల గదే అంగిల పంపుతమా?"

నల్లంగే తొడిగారు. నాటకం వాళ్లంతా వచ్చి, చెప్పులు విడిచి దండం పెట్టారు. అందరి చూపూ అప్పుడు మామ మీదే. పోతూ పోతూ కార్యదర్శి నన్ను పక్కకు పిలిచాడు. "వచ్చే వారం ఆట ఉంది తమ్మీ. తెర లాగనీకి మీకు ఎరుకైనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

తెల్లంగి ఇప్పుడు నా దగ్గరుంది. కుడిచేతి అంచు మీద తాడు ఒరుసుకున్న మట్టిరంగు గీత. అత్త ఎంత ఉతికినా పోలేదట.