పజుండౌంగ్‌లో ‘హిట్’ నేర్పిన మా పిన్ని

నిన్న పొద్దున పబేడాన్‌లో నా సెల్‌ఫోన్ షాపు తెరుస్తుంటే పిన్ని పక్కింటావిడ డా ఖిన్ ఫోన్ చేసింది.

“మీ పిన్ని మెట్ల కింద పడి ఉంది. తల పగిలింది. తొందరగా రా.”

ఆ తర్వాత ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. షాపు అలాగే వదిలేసి పరిగెత్తాను.

ఆస్పత్రికి వెళ్ళేసరికే అయిపోయింది.

మా నరసమ్మ పిన్ని ఇక లేదు.

పొద్దుట్నుంచి అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు, “కాలు జారిందటగా” అని.

జారలేదు. చంపేశాడు. అది చెప్పడానికే ఈ పోస్ట్.

పిన్ని తెలియనివాళ్ళ కోసం: మా అమ్మ చెల్లెలు. మా ముత్తాత బర్మా వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసినవాడు. పిన్ని పజుండౌంగ్‌లో ఒక మేడ మీద గదిలో చైనీస్ షాపులవాళ్ళకి ఇంగ్లీష్ ట్యూషన్ చెప్పేది. అందరూ ‘సయామా’ అనేవారు. టీచరమ్మ అన్నమాట.

వాళ్ళకి ‘హిట్’తో పెద్ద తంటా. వాళ్ళ భాషలో ఫోన్ కొడతారు, గొడుగు కొడతారు, ఇంజెక్షన్ కూడా కొడతారు. అన్నిటికీ ఒకటే మాట. దాన్నే ఇంగ్లీష్‌లోకి దించేసి “ఐ హిట్ అంబ్రెల్లా” అంటారు.

పిన్ని నవ్వేది కాదు. మనం మాత్రం ఈత కొట్టమా, సెంటు కొట్టమా అనేది.

“ఇంగ్లీషోడు పిసినారోడే. దెబ్బ తగిల్తేనే హిట్ అంటాడు. ఫోన్‌కి ‘కాల్’, గొడుక్కి ‘ఓపెన్’. దేనికి దానికి ఏరే మాట దాసుకున్నాడు,” అనేది నాతో.

ఆవిడ పాఠం బోర్డు మీద నడవదు. గది మధ్యలో స్టూలు మీద ఒక పాత దిండు. చేతికి అప్పడాల కర్ర. ఒక్కొక్కరూ వచ్చి దిండుని బాదుతూ “ఐ హిట్ ద పిల్లో” అని వాక్యం అరవాలి.

మెల్లగా కొడితే ఆవిడకి మండిపోయేది. “ఏటది? దోమల్ని తోల్తున్నావేటి?” అని తెలుగులోనే తిట్టేది. వాళ్ళకి అర్థమైపోయేది! కింది అంతస్తువాళ్ళు ఎన్నిసార్లు గొడవకొచ్చారో.

ఆ క్లాసులోనే మెయ్ అనే అమ్మాయి చేరింది. పెళ్ళై చైనా నుంచి వచ్చింది. బర్మీస్ ఒక్క ముక్క రాదు. తన షాపుకొచ్చే ఫారిన్ కస్టమర్లతో మాట్లాడాలని మొగుడే చేర్పించాడు. తల ఎత్తేది కాదు, నోరు విప్పేది కాదు.

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. మెయ్ వంతు వచ్చింది.

మొదటి దెబ్బ చప్పుడే లేదు. రెండోది కాస్త గట్టిగా పడింది.

ఆ తర్వాత ఆగలేదు.

వాక్యం మర్చిపోయింది. పళ్ళు బిగించి బాదుతూనే ఉంది. దిండు చిరిగి దూది గదంతా ఎగిరింది. స్టూలు పక్కకి ఒరిగిపోయింది. ముందు కూర్చున్న పెద్దాయన భయపడి కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

పిన్ని ఆపలేదు. అలిసిపోయి కర్ర వదిలేసేదాకా చూసి, దగ్గరికెళ్ళి ఆ పిల్ల చొక్కా చెయ్యి పైకి తీసింది.

భుజం దాకా కమిలిపోయి ఉంది. మధ్యమధ్య సిగరెట్‌తో కాల్చిన మచ్చలు.

ఆ రోజు నుంచి మెయ్‌ని తన దగ్గరే ఉంచేసుకుంది.

నాకు భయమేసింది. “పిన్నీ, వాళ్ళు ఊరుకోరు,” అన్నాను.

“ఊరుకోపోతే రానీయే. ఈ గుంటని మల్లీ ఆ కసాయోడికి అప్పజెప్పమంటావేటి? నాను బతికుండగా అవదు.”

అక్షరాలా అదే అయింది.

నిన్న ఆ మెయ్ మొగుడు వచ్చాడు. షాపు షట్టర్ లాగే ఇనుప కడ్డీ పట్టుకుని వచ్చాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

డా ఖిన్ చప్పుడు విని బయటికి వచ్చేసరికి పిన్ని మెట్ల కింద ఉంది. వాడు “జారింది, జారింది” అంటున్నాడు. గుమ్మం పక్క గోడంతా నెత్తురు. మెట్ల మీద జారినావిడ నెత్తురు గుమ్మం దగ్గరికి ఎలా వస్తుంది? పోలీసుల దగ్గర నేనెంత అరిచినా ఎవడూ పట్టించుకోలేదు.

చూసింది మెయ్ ఒక్కతే.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌లో ఆమె చైనీస్‌ని బర్మీస్‌లో చెప్పడానికి ఎవరొచ్చారో తెలుసా? వాడి అన్న!

ఆమె నోరు తెరవకముందే చెప్పేశాడు. “టీచరమ్మ కాలు జారిందట. మా తమ్ముడు పట్టుకోబోయాడట.” తర్వాత ఆమె వైపు వంగి చైనీస్‌లో మెల్లగా ఏదో అన్నాడు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆఫీసర్ రాసుకుంటున్నాడు. నాకు ఆ టేబుల్ ఎత్తి ఆ అన్న నెత్తిన వెయ్యాలనిపించింది. ఆమె ఊఁ అంటే చాలు. పిన్నిది కాలు జారిన చావైపోతుంది. తను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాలి.

మెయ్ ఊఁ అనలేదు.

బావగారికి వీపు చూపించి నా వైపు తిరిగింది. గొంతు చించుకుని ఇంగ్లీష్‌లో అరిచింది.

“హీ హిట్ సయామా! ఐరన్ రాడ్! హెడ్! షి ఫాల్, హీ హిట్ అగైన్! దెన్ హీ త్రో హర్ డౌన్!”

“ఆమెకి ఇంగ్లీష్ రాదు సార్,” అన్నాడు వాడి అన్న.

ఆమె ఇంకా గట్టిగా అరిచింది. చొక్కా చేతులు తనే పైకి లాగి, ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి, “హీ హిట్! హీ హిట్!” అంటూనే ఉంది.

ఆఫీసర్ నన్ను అడిగాడు, ఏమంటోంది అని. నేను ఏడుస్తూనే ఒక్కో ముక్కా బర్మీస్‌లో చెప్పాను. రాసిన కాగితం పక్కన పడేసి కొత్తది తీశాడు.

ఆ మొగుణ్ణి లోపల వేశారు. రేపేమవుతుందో నాకు తెలియదు. వాడు కుళ్ళి చావాలని మాత్రం కోరుకుంటున్నా. ఎవరేమనుకున్నా సరే.

మెయ్ ఎక్కడుందో ఇక్కడ రాయను. అడగొద్దు. క్షేమంగా ఉంది.

పిన్నీ, నువ్వు గుమ్మంలోంచి కదల్లేదు. ఆ పిల్ల బతికింది.

ఇక పడుకోవే తల్లీ. నీ ఆత్మ చల్లగా ఉండాలి.